ఐదు అక్షరాల ఊరు, ముప్పై బైట్ల పేరు
(అంకెలలో అక్షరం – ధారావాహిక, ఏడవ భాగం)

శ్రీ సత్యసాయి జిల్లా కదిరి ప్రాంతంలో మండల కేంద్రమైన నల్లచెరువు పేరును తెలుగు చదవడం వచ్చినవారెవరైనా న, ల్ల, చె, రు, వు అని ఐదు అక్షరాలుగా లెక్కపెడతారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడి ఈ మండలం అనంతపురం జిల్లా నుంచి విడిపోయినప్పుడు కాగితాల మీద జిల్లా పేరు మారింది గాని ఊరి పేరు మారలేదు. అయితే గత నాలుగు దశాబ్దాలలో ఆ మారని పేరే కంప్యూటరు జ్ఞాపకంలో నాలుగు రకాల అంకెల వరుసలుగా ఉంటూ వచ్చింది. భారతీయ ప్రమాణంలో రాసినప్పుడు అది 10 బైట్లు, యూనికోడ్‌ను రెండేసి బైట్లుగా పేర్చినప్పుడు 20, నేడు వెబ్ పుటలలో వాడే పద్ధతిలో 30, ఈమెయిలు దారిన సురక్షితంగా పంపడానికి మళ్ళీ రోమన్ అక్షరాలుగా మార్చినప్పుడు 40. గత భాగంలో సీసపు అచ్చుల నుంచి టైపు మిషను దాకా వచ్చిన కథ ఇక్కడి నుంచి లోహాన్ని విడిచి అంకెలలోకి ప్రవేశిస్తుంది.

కంప్యూటరు జ్ఞాపకంలో అక్షరమనేది ఉండదు. అక్కడ ఉండేవి రెండే రెండు స్థితులు, వాటినే సున్న, ఒకటి అంటారు. ఒక్కో స్థితిని బిట్టు అనీ, ఎనిమిది బిట్ల కట్టను బైటు అనీ పిలుస్తారు. బైటు అనే మాటను 1956లో ఐబీఎం ఇంజనీరు వెర్నర్ బుక్‌హోల్జ్ పుట్టించాడు. ఎనిమిది బిట్లను 256 విధాలుగా అమర్చవచ్చు కాబట్టి ఒక బైటు 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్యను మాత్రమే పట్టగలదు. ఏ సంఖ్య ఏ అక్షరానికి చెల్లుతుందో ముందుగా ఒప్పుకొని రాసుకున్న పట్టిక ఉంటే తప్ప ఆ సంఖ్యలు పాఠం కావు. అక్షరాల వరుసను, అంటే ప్రోగ్రామర్లు స్ట్రింగ్ అనేదాన్ని, పట్టిక ప్రకారం బైట్లుగా మార్చడం ఎన్‌కోడింగ్; బైట్లను తిరిగి అక్షరాలుగా చదవడం డీకోడింగ్. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే పట్టిక వాడాలన్నది ఇందులోని ఏకైక నియమం. ఆ పట్టిక ఏదో చెప్పే గుర్తు మాత్రం సాధారణంగా బైట్లలో ఎక్కడా ఉండదు. తెలుగు డిజిటల్ చరిత్రలోని నష్టాలలో అధిక భాగం ఈ ఒక్క లోపం నుంచి పుట్టినవే.

ఈ లోపం కంప్యూటరు కంటే పాతది. ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జాకార్డ్ 1804లో రూపొందించిన యంత్రం, ధర్మవరం పట్టు చీరల అంచులనూ కొంగులనూ నేసే మగ్గాల మీద ఆయన పేరుతోనే స్థిరపడింది. నమూనాను గళ్ళ కాగితం మీద గీసి, గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంటే ఒక్కో గడి ఒక్కో బిట్టు, ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు ఆదేశం. ఆ అట్టల దొంతరను దారాల కట్టుబడి వేరుగా ఉన్న మరో మగ్గానికి తగిలిస్తే నేత ఆగదు గాని, వచ్చేది ఉద్దేశించిన నమూనా కాదు. రంధ్రాలకు అర్థమిచ్చేది మగ్గం కట్టుబడే తప్ప అట్ట కాదు. 1890 నాటి అమెరికా జనగణనలో హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతో లెక్కలు కట్టిన తరువాత, ఐబీఎం 1928లో 80 నిలువు వరుసల కార్డును తెచ్చింది. ఒక్కో నిలువు వరుసలో రెండు చిల్లులు కలిసి ఒక రోమన్ అక్షరాన్ని సూచించేవి. నేతకు పుట్టిన చిల్లు ఆ విధంగా రాతకు చేరింది.

రెండు గుర్తుల వరుసకు అక్షరంతో పేరు పెట్టే ఏర్పాటు మరో రూపంలో తెలుగు విద్యార్థులకు ఛందస్సు పాఠంలోనే ఎదురవుతుంది. గురువు, లఘువు అనే రెండే గుర్తులను మూడేసి చొప్పున పేర్చితే ఎనిమిది గణాలు వస్తాయి, ఒక్కో గణానికి ఒక్కో అక్షరం పేరు. పింగళుడు వాటిని మ, య, ర, స, త, జ, భ, న అనే క్రమంలో చెప్పాడు. గురువుకు సున్న, లఘువుకు ఒకటి వేసి, ఎడమ చివరి గుర్తును ఒకట్ల స్థానంగా తీసుకుంటే ఆ క్రమం సరిగ్గా 0 నుంచి 7 వరకు వచ్చే రెంటి లెక్క అవుతుంది. నల్లచెరువులోని మొదటి మూడక్షరాలు గురువు, లఘువు, లఘువు. అది భగణం, ప్రస్తారంలో ఏడవ వరుస. వరుస సంఖ్యను బట్టి గురులఘువులను రాబట్టడాన్ని నష్టమనీ, గురులఘువులను బట్టి వరుస సంఖ్యను కట్టడాన్ని ఉద్దిష్టమనీ ఛందశ్శాస్త్రం పిలిచింది. నేటి డీకోడింగ్, ఎన్‌కోడింగ్ చేసే పనికి ఇవి చాలా దగ్గరివి. అంతమాత్రాన కంప్యూటరును పింగళుడే కనిపెట్టాడనే వాదం నిలవదు గాని, రెండు గుర్తులతో సంఖ్యనూ సంఖ్యతో రెండు గుర్తులనూ రాబట్టే క్రమబద్ధమైన పద్ధతి ఇక్కడి సంప్రదాయానికి కొత్త కాదన్నది మాత్రం నిజం.

అమెరికా ప్రమాణాల సంస్థ 1963లో ప్రకటించిన ఆస్కీ పట్టిక ఏడు బిట్లతో 128 స్థానాలను ఏర్పరచి, రోమన్ అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు, యంత్రానికిచ్చే కొన్ని ఆదేశాలకు వాటిని పంచింది. బైటులో మిగిలిన ఎనిమిదవ బిట్టు వల్ల 128 నుంచి 255 వరకు మరో 128 స్థానాలు ఖాళీగా దొరికాయి. ప్రపంచంలోని లిపులన్నీ ఆ ఖాళీలోకే చొరబడ్డాయి. పశ్చిమ ఐరోపా తన స్వరచిహ్నాల అక్షరాలను, రష్యా తన సిరిలిక్‌ను, భారతదేశం తన లిపులను అదే జాగాలో పెట్టుకున్నాయి. ఒకే సంఖ్యకు పదిచోట్ల పది అర్థాలు ఏర్పడ్డాయి.

భారతదేశం చేసిన ఏర్పాటు మిగిలినవాటి కంటే ఆలోచనతో కూడినది. కాన్పూర్ ఐఐటీలో 1980లలో జిస్ట్ అనే పేరుతో భారతీయ లిపుల టెర్మినల్‌పై జరిగిన కృషి, 1988లో పుణెలో నెలకొన్న సీడాక్ సంస్థ చేతికి వచ్చింది. ఆ క్రమంలో రూపొందిన ఇస్కీ అనే పట్టికను భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 అనే సంఖ్యతో ఆమోదించింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నింటికీ వర్ణక్రమం దాదాపు ఒకటే కాబట్టి, లిపికో పట్టిక కాకుండా అన్నింటికీ కలిపి ఒకటే పట్టిక చాలునని దాని రూపకర్తలు నిర్ణయించారు. అందులో న 198, ల 209, పొల్లు 232, చ 184, ఎత్వం 224, ర 207, కొమ్ము 221, వ 212. వత్తుకు ప్రత్యేక స్థానం లేదు. ల తరువాత పొల్లు, పొల్లు తరువాత మళ్ళీ ల అని రాస్తే దాన్ని ల్ల ఆకారంగా చూపడం తెర బాధ్యత. నల్లచెరువు ఈ లెక్కన పది గుర్తులు, పది బైట్లు.

ఈ ఏర్పాటు ఫలితం హిందూపురం, పెనుకొండ వంటి సరిహద్దు ప్రాంతాల వారికి మరింత బాగా అర్థమవుతుంది. అక్కడి నుంచి కర్ణాటక కూతవేటు దూరం. దుకాణాల బోర్డుల మీద రెండు లిపులూ కనిపిస్తాయి. భారతీయ లిపులను చూపే జిస్ట్ కార్డు ఉన్న కంప్యూటరులో ఆ పది బైట్లను తెలుగుగా చూపమంటే తెలుగులో, కన్నడగా చూపమంటే కన్నడలో అదే ఊరి పేరు వచ్చేది, ఒక్క బైటు కూడా మార్చనక్కరలేదు. ఉపయోగకరమైన ఈ గుణంలోనే బలహీనత కూడా దాగి ఉంది. 198 అనే బైటు తెలుగు న కావచ్చు, కన్నడ న కావచ్చు, హిందీ న కావచ్చు, ఇస్కీ సంగతే తెలియని పాశ్చాత్య యంత్రంలో అయితే రెండు రోమన్ అక్షరాలు అతుక్కున్న ఒక గుర్తు కావచ్చు. లిపి ఏదో బైట్ల మధ్యలోనే ప్రకటించడానికి 239 అనే ప్రత్యేక సంఖ్యను కేటాయించిన దూరదృష్టి ఇస్కీకి ఉంది. ప్రభుత్వ కార్యాలయాల వెలుపల ఆ ప్రమాణాన్ని అనుసరించినవారే తక్కువ.

వెలుపల నడిచిన కథ వేరు. అచ్చు పనికి కంప్యూటరు వచ్చిన తరువాత డీటీపీ కేంద్రాలకు కావలసింది ప్రమాణం కాదు, పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో అందంగా కనిపించే అక్షరం. అందుకని అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు ఇంగ్లిషు ఫాంటు వేషంలో తెలుగు ఆకారాలను తయారుచేశాయి. ఆ ఫాంటులో రోమన్ అక్షరం ఉండవలసిన స్థానంలో తలకట్టు ముక్కో, కొమ్మో, లకారపు వత్తో ఉంటుంది. యంత్రం దృష్టిలో ఆ ఫైలు అర్థంలేని ఇంగ్లిషు, కన్నుకు మాత్రం తెలుగు. ఇస్కీ పట్టిక అక్షరాలకు సంఖ్యలిస్తే, ఈ ఫాంట్లు ఆకారపు ముక్కలకు సంఖ్యలిచ్చాయి. అందులోనూ ప్రతి సంస్థ తన ముక్కలను తన ఇష్టం వచ్చిన స్థానాలలో పెట్టుకున్నది. పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన ఏడవ వెర్షనే చివరిది. అది యూనికోడ్ ఎరుగదు. అయినా తెలుగు అచ్చుకూర్పు దానిని ఆ తరువాత ఏళ్ళ తరబడి వదలలేదు.

ఆ ఫైళ్ళను పాఠంగా మార్చడం ఒక్కో సంఖ్యకు బదులు మరో సంఖ్య పెట్టినంత తేలిక కాదు. జిల్లా కేంద్రమైన పుట్టపర్తి పేరులోని చివరి అక్షరాన్ని చూస్తే కష్టం తెలుస్తుంది. కంటికి కనిపించే క్రమంలో అది రి అనే ఆకారం, దాని కింద త వత్తు. ఫాంటు ఫైలులో సంఖ్యలు ఆ క్రమంలోనే ఉంటాయి. పలికే క్రమంలో మాత్రం అది ర, పొల్లు, త, ఆ తరువాత గుడి. కాబట్టి మార్పిడి చేసే ప్రోగ్రాము రి నుంచి గుడిని విడదీసి, వత్తును దాటించి చివర పెట్టాలి. రెండు మూడు వత్తులు వచ్చినచోట, ఒకే ముక్కను రెండు అక్షరాలకు వాడినచోట సూత్రాలు పెరుగుతూ పోతాయి. ఈనాడు, వార్త వంటి దినపత్రికలు తొలినాళ్ళలో తమ తమ ఫాంట్లతోనే వెబ్‌లో వార్తలు పెట్టడం వల్ల ఆ పుటలను చదవడం సాధ్యమైంది గాని వెతకడం సాధ్యం కాలేదు. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే సాధనం, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు అనుబంధంగా పనిచేస్తూ, ఇటువంటి పుటలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో పునాది వేసినవాడు కూడా ఆయనే. ఒక భాషలోని పత్రికలు తమ పాఠకులకు తెరిచి ఇవ్వవలసిన తలుపును ఒక ఔత్సాహికుడు బయటి నుంచి తెరవవలసి రావడం ఆ కాలపు పరిస్థితికి కొలత.

దీనికి సమాంతరంగా అమెరికాలోని తెలుగువారు మరో దారి తొక్కారు. ఈమెయిలు ఏడు బిట్ల ఆస్కీని మాత్రమే నమ్మకంగా మోసుకుపోయే రోజులలో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలినాళ్ళలో తెలుగును రోమన్ అక్షరాలలో రాసే ఒక కట్టడిని తయారుచేశారు. ఆర్‌టీఎస్ అనే పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది. చిన్న ఎన్ రాస్తే న, పెద్ద ఎన్ రాస్తే ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఇది వట్టి ఉచ్చారణ సూచన కాదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నష్టం లేకుండా మార్చగలిగిన ఎన్‌కోడింగ్. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని అనే సాధనం ఈ పద్ధతినే ఆధారం చేసుకొని వేలాదిమందికి తెలుగు టైపింగు అలవాటు చేసింది. చరిత్రకారుడు పక్షపాతం చూపదలిస్తే ఇక్కడ చూపవచ్చు: పట్టికను దాచిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ల కంటే, పట్టికను బహిరంగంగా ప్రకటించిన ఈ ఉచిత కట్టడి భాషకు చేసిన మేలు ఎక్కువ.

లిపులన్నింటికీ విడివిడి సంఖ్యలిచ్చే యూనికోడ్ మొదటి వెర్షను 1991 అక్టోబరులో వెలువడింది. భారతీయ లిపులకు అది ఇస్కీ వరుసనే పునాదిగా తీసుకొని, తెలుగుకు 3072 నుంచి 3199 వరకు, కన్నడకు ఆ వెంటనే 3200 నుంచి 3327 వరకు కేటాయించింది. న 3112 అయితే, దానికి 128 కలపగా వచ్చే 3240 కన్నడ న. సరిహద్దు గ్రామాల పేర్లను ఒక లిపి నుంచి మరో లిపికి మార్చడానికి నేటికీ చాలావరకు ఈ ఒక్క కూడిక చాలు. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో తెలుగును చేర్చుకోవడం, తిరుమల కృష్ణ దేశికాచార్య పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా అందించడం వంటివి జరిగిన తరువాత గాని ఈ సంఖ్యలు సామాన్యుల తెరల మీద అక్షరాలు కాలేదు.

యూనికోడ్ ఇచ్చినది సంఖ్యను మాత్రమే; ఆ సంఖ్యను బైట్లలో ఎలా పెట్టాలన్నది వేరే ప్రశ్న. 3112 ఒక బైటులో పట్టదు. రెండు బైట్లలో పెడితే 12, 40 అవుతుంది. కొన్ని యంత్రాలు పెద్ద భాగాన్ని ముందు రాస్తాయి, కొన్ని చిన్న భాగాన్ని ముందు రాస్తాయి. ఈ తేడాను గమనించకుండా 40, 12 అని తిరగేసి చదివితే 10252 వస్తుంది; యూనికోడ్‌లో అది అంధుల బ్రెయిలీ లిపిలోని ఒక చుక్కల గుర్తు. ల అదే విధంగా తిరగబడితే బ్రాకెట్లలో ఉన్న కొరియా అక్షరమవుతుంది. ఈ గందరగోళాన్ని తప్పించడానికి ఫైలు మొదట్లో క్రమసూచికగా 65279 అనే సంఖ్యను ఉంచే అలవాటు వచ్చింది.

కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చుని రూపొందించిన యూటీఎఫ్-8 మరింత తెలివైన పరిష్కారం. 3112ను రెంటి లెక్కలో 16 స్థానాలకు రాస్తే 0000110000101000. దీన్ని ఎడమ నుంచి నాలుగు, ఆరు, ఆరు బిట్లుగా విడదీసి, మొదటి ముక్క ముందు 1110, మిగిలిన రెండు ముక్కల ముందు 10 చేర్చితే మూడు బైట్లు తయారవుతాయి: 224, 176, 168. మొదటి బైటులోని మూడు ఒకట్లు ఈ అక్షరానికి మూడు బైట్లున్నాయని చెబుతాయి, 10తో మొదలైన బైటు తాను కొనసాగింపునని చెబుతుంది. కాబట్టి ఫైలు మధ్యలో ఎక్కడ దిగినా అక్షరం ఎక్కడ మొదలైందో కనుక్కోవచ్చు. ఆస్కీ అక్షరాలు మాత్రం యథాతథంగా ఒక్క బైటులోనే ఉంటాయి. ఇంగ్లిషుకు ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు అన్నది అన్యాయంగా కనిపించవచ్చు గాని, పాత పట్టికలతో పోలిస్తే ఇందులో ఒక పెద్ద లాభం ఉంది. పొరపాటున మరో పట్టికలో రాసిన బైట్లు యూటీఎఫ్-8 నియమాలకు లోబడడం అరుదు కాబట్టి, తప్పు వెంటనే బయటపడుతుంది.

తప్పు జరిగితే కనిపించే దృశ్యం తెలుగు వెబ్ పాఠకులందరికీ పరిచితమే. 224ను పశ్చిమ ఐరోపా పట్టికలో చదివితే నెత్తిన వాలు గీత ఉన్న చిన్న రోమన్ అక్షరం వస్తుంది, 176 డిగ్రీ గుర్తు. తెలుగు గుర్తులన్నీ 224, 176 తోనో 224, 177 తోనో మొదలవుతాయి కాబట్టి పుట నిండా ఆ జంటే మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. కొన్ని డేటాబేసులలో ఇంకొక అడుగు పడుతుంది: ఆ తప్పుడు గుర్తులనే నిజమైన పాఠమనుకొని మళ్ళీ యూటీఎఫ్-8లోకి మారుస్తారు. అప్పుడు నల్లచెరువు 30 బైట్లు 60 అవుతాయి. మార్చిన వరుసకు ఎదురు వరుసలో వెనక్కి మార్చితే పేరు చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. పాడైనట్టు కనిపించేవన్నీ పాడైనవి కావని ప్రోగ్రామర్లు మొదట తెలుసుకోవలసింది ఇదే.

విండోస్ పాశ్చాత్య పట్టిక మధ్యలో ఉన్నప్పుడు మాత్రం కొంత నష్టం శాశ్వతమవుతుంది. ఆ పట్టికలో 129, 141, 143, 144, 157 అనే అయిదు స్థానాలకు ఏ గుర్తూ లేదు. తెలుగు కొమ్ముకు మూడవ బైటు 129, పొల్లుకు 141, ఏకారానికి 143, ఐకారానికి 144, ఝకారానికి 157. గుర్తు లేని బైటు ఎదురైనప్పుడు కొన్ని ప్రోగ్రాములు దాని స్థానంలో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతాయి. నల్లచెరువులో వత్తును నిలిపే పొల్లు, చివరి రెండు కొమ్ములు అక్కడే అంతరిస్తాయి. తెలుగులో ఇవి అరుదైన గుర్తులు కావు. కొమ్ము, పొల్లు లేకుండా ఒక వాక్యం రాయడం కూడా కష్టమే.

ఇప్పటిదాకా చెప్పినది పాఠాన్ని బైట్లుగా మార్చడం. దీనికి ఎదురుదిశలో, ఏవైనా బైట్లను, అవి ఫొటోవైనా పాటవైనా, వట్టి రోమన్ అక్షరాల పాఠంగా మార్చవలసిన అవసరం ఈమెయిలుతో వచ్చింది. 1982 నాటి ఈమెయిలు నిబంధన ఏడు బిట్లనే అనుమతించేది. 1992 జూన్‌లో నథానియల్ బోరెన్‌స్టయిన్, నెడ్ ఫ్రీడ్ ప్రకటించిన మైమ్ ప్రమాణంలో బేస్-64 అనే పద్ధతి చేరింది. మూడు బైట్లలోని 24 బిట్లను ఆరేసి బిట్ల నాలుగు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు 64 గుర్తులలో ఒకదాన్ని పెట్టడమే అందులోని పని. పెద్ద రోమన్ అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, మరి రెండు చిహ్నాలు కలిపి ఆ 64. న అనే అక్షరపు మూడు బైట్లు ఇలా 4 అంకె, పెద్ద ఎల్, పెద్ద సి, చిన్న ఓ అవుతాయి. తెలుగు గుర్తు ప్రతిదీ సరిగ్గా మూడు బైట్లే కావడం వల్ల, ఖాళీ లేని తెలుగు మాటను ఈ పద్ధతిలో మార్చితే ప్రతి నాలుగు గుర్తుల కట్టా 4 అంకెతోనూ పెద్ద ఎల్‌తోనూ మొదలవుతుంది, మూడవ స్థానంలో సి గాని జి గాని ఉంటుంది. తెలుగు శీర్షిక ఉన్న ఈమెయిలు అసలు రూపాన్ని తెరిచి చూసినవారు గుర్తుపట్టగల వేలిముద్ర ఇది. పరిమాణం మూడింట ఒక వంతు పెరుగుతుంది. నల్లచెరువుకు 40 గుర్తులు. బేస్-64 రహస్య లిపి అని భ్రమించి రహస్యపదాలను అందులో దాచేవారు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని విప్పడానికి తాళం చెవి అక్కరలేదు.

ప్రోగ్రామింగు భాషలు ఈ విభజనను ఆలస్యంగా నేర్చుకున్నాయి. సి భాషకు స్ట్రింగ్ అంటే సున్నతో ముగిసే బైట్ల వరుస మాత్రమే. పైథాన్ రెండవ తరం, బైట్లనూ పాఠాన్నీ కలిపినప్పుడు ఆస్కీ అని తనంతట తానే అనుకొని, 224 ఎదురుకాగానే ఆగిపోయేది. 2008 డిసెంబరులో వచ్చిన మూడవ తరం ఆ రెండింటినీ వేర్వేరు రకాలుగా విడదీసి, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళేటప్పుడు పట్టిక ప్రకారమే మారేలా కట్టుదిట్టం చేసింది. జావా, పట్టిక పేరు చెప్పకపోతే యంత్రంలో ఏది ఉంటే అది వాడే అలవాటును 2022 మార్చిలో వచ్చిన 18వ వెర్షనులో గాని మానుకోలేదు. పొడవు కొలవడంలో చిక్కు ఇంకా తీరలేదు. గ్రామం పేరుకు 20 స్థానాలు చాలునని నిర్ణయించి వాటిని బైట్లుగా లెక్కపెట్టే డేటాబేసులో నల్లచెరువు నల్లచె వద్ద ఆగి, ర లోని రెండు బైట్లను తోకలా మిగుల్చుకుంటుంది. సంక్షిప్త సందేశాలలో ఇంగ్లిషుకు 160 అక్షరాలు, తెలుగుకు 70 గుర్తులు అన్న పరిమితికి కూడా మూలం అక్కడి 140 బైట్ల హద్దే.

బైట్లు సరిగానే ఉండి, డీకోడింగూ సరిగానే జరిగినా ఆకారం కట్టేచోట యంత్రం తడబడగలదని 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటికీ తెలిసింది. జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం అనే వరుస ఉన్న సందేశం అందగానే ఐఫోన్లలోని అనువర్తనాలు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న 11.2.6 వెర్షనుతో దానిని సరిదిద్దింది. పత్రికలు దాన్ని ఫోన్లను పడగొట్టిన తెలుగు అక్షరమని చమత్కరించాయి గాని, పడింది అక్షరం వల్ల కాదు, ఆకారం కట్టే ప్రోగ్రాములోని లోపం వల్ల.

పట్టికలో స్థానమే లేని అక్షరాల సంగతి మరొకటి. రేనాటి చోళుల తొలి తెలుగు శాసనాలు కడప, అనంతపురం ప్రాంతాలకు చెందినవి. ఆ కాలపు లిపిలో కనిపించే ఴ అనే అక్షరానికి యూనికోడ్‌లో సంఖ్య దొరికింది 2014లో వచ్చిన ఏడవ వెర్షనులోనే. పాత రాతలలోని నకారపు పొల్లుకు 2021 దాకా స్థానం లేదు. అంతవరకు శాసన పాఠాన్ని కంప్యూటరులోకి ఎక్కించినవారు దగ్గరి అక్షరాన్ని పెట్టి సరిపుచ్చుకోవలసి వచ్చింది. రాతి మీద పద్నాలుగు వందల ఏళ్ళు నిలిచిన అక్షరం అంకెలలోకి వచ్చి ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు.

కదిరిలో, హిందూపురంలో, ధర్మవరంలో డీటీపీ కేంద్రాలు నడిపినవారి వద్ద 1990ల నుంచి కూర్చిన పెళ్ళి పత్రికలు, దేవాలయ చరిత్రలు, స్థానిక కవుల పుస్తకాలు, పాఠశాలల వార్షిక సంచికలు పాత హార్డ్‌డిస్కులలో ఇంకా ఉంటాయి. వాటి బైట్లు భద్రంగానే ఉన్నా, వాటిని చదవడానికి కావలసిన పట్టిక ఆ ఫాంటు ఫైలులోనే ఉంది. కంప్యూటరు మార్చినప్పుడు మొదట పోయేది అదే. కాబట్టి అటువంటి ఫైళ్ళు ఉన్నవారు పాఠపు ఫైలుతోపాటు ఫాంటు ఫైలును కూడా అదే సంచయంలో ఉంచి, కూర్పు సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షను, కూర్చిన సంవత్సరం విడిగా రాసిపెట్టి, వీలైతే ఒక ముద్రిత ప్రతిని జతచేయాలి. మార్పిడి ప్రోగ్రాములు రాయగలవారు తెలుగునాట నేడు కొల్లలుగా ఉన్నారు, వారికి లేనివి ఆ వివరాలే.